లాడ్ బజార్‌కి వెళ్లేముందు ఒక పాత గాజు

ఇంట్లో పెళ్లి ఉండి ఎవరైనా హైదరాబాద్ వెళ్తున్నారంటే చాలు, గాజులు తెచ్చే పని వాళ్లకే అంటగడతారు. తీరా లాడ్ బజార్‌లో షాపతను "సైజు రెండు-ఆరా, రెండు-ఎనిమిదా?" అని అడిగితే ఇంటికి ఫోన్లు మొదలు. ఆ గోలలో ఏమీ వినపడదు.

ఎవరికి కొనాలో వాళ్ల చేతికి సరిగ్గా పట్టే మట్టి గాజు ఒకటి తీసుకోండి. స్కేలు పెట్టి లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు దాకా కొలవండి. 5.7 సెంటీమీటర్లు వస్తే 2-4, 6 వస్తే 2-6, 6.35 వస్తే 2-8. చీటీ మీద పేరు, సైజు రాసి, దానికే జాకెట్ గుడ్డ ముక్క పిన్ చేయండి. ఫోన్లో ఫొటోని నమ్ముకోవద్దు. ఆ లైట్ల కింద మెరూన్ కూడా ఎర్రగానే కనిపిస్తుంది.

ఈసారి ఐదు చీటీలతో వెళ్లి గంటలో బయటపడ్డాను, అందులో సగం బేరానికే పోయింది. ఎంజీబీఎస్ మెట్రో దగ్గర దిగి ఆటో ఎక్కితే చార్మినార్ దగ్గరే. అక్కడి నుంచి పడమటికి వెళ్లే వీధే లాడ్ బజార్.

వెడల్పాటి లక్క గాజులకి మాత్రం ఈ కొలత పనిచేయదు, గుప్పిట దగ్గరే పట్టేస్తాయి. వాటికి ఒక సైజు పెద్దది అడగండి. సాగి వంకర పోయిన పాత లోహపు గాజుతో అసలు కొలవద్దు.