పోపు మాడని వంటిల్లు: ఏ సామాను ఎక్కడ ఉండాలి?

నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు వేసి, అవి రంగు తిరుగుతుండగానే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చివర ఇంగువ, కరివేపాకు వేయడానికి మనకు నిండా రెండు నిమిషాలు కూడా ఉండవు. ఆ కాస్త వ్యవధిలో ఇంగువ డబ్బా కోసం అవతలి అలమర దాకా వెళ్లి వస్తే పోపు మాడిపోతుంది. వంటిల్లు సర్దుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన కొలమానం నాకు కనిపించలేదు. స్టవ్ ముందు నుంచి కదలడానికి వీలులేని సమయంలో ఏవేవి అవసరమవుతాయో అవన్నీ అక్కడే చేతికి అందాలి. మిగిలిన వాటి కోసం నాలుగు అడుగులు వేసినా వంట చెడదు. మనలో చాలామంది డబ్బాలను పరిమాణం ప్రకారం వరుసగా పేర్చుకుంటాం. అది కంటికి ఇంపుగానే ఉంటుంది కాని, వంట ఆ వరుసలో సాగదు.

కాబట్టి సర్దడం మొదలుపెట్టే ముందు రెండు రోజులు మామూలుగానే వంట చేస్తూ, స్టవ్ వెలుగుతుండగా దేనికోసం కదలవలసి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. 1926లో ఆర్కిటెక్ట్ మార్గరెటే షుట్టే-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త ఇళ్ల కోసం వంటగదిని రూపొందించినప్పుడు, వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, చేయి ఎంత దూరం చాస్తుంది అన్న లెక్కే ఆధారమైంది. ఆ గది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు మాత్రమే. మన అపార్ట్‌మెంట్లలోని వంటిళ్లూ ఇంచుమించు అంతే ఉంటాయి కనుక, చోటు చాలడం లేదని అనుకునే ముందు మన అడుగులను లెక్కపెట్టుకోవడం మంచిది.

ఆ కాగితంలో పోపుల పెట్టె, ఉప్పు, పసుపు, కారం, నూనె, గరిటెలు, మూతలు, పట్టకారు, మసిగుడ్డ తప్పక కనిపిస్తాయి. ఇవన్నీ స్టవ్‌కు ఒక పక్కన, కుడిచేతి వాటం వారికి కుడివైపున, జానెడు దూరంలో ఉండాలి. స్టవ్‌కు సరిగ్గా పైనున్న అరలో మాత్రం వీటిని పెట్టకూడదు. ఆవిరి తగిలి ఉప్పు చెమ్మగిల్లుతుంది, కారం గడ్డకడుతుంది, వేడికి మసాలా దినుసుల వాసన తగ్గిపోతుంది. పైగా మంట మీదుగా చేయి చాచవలసి రావడం ప్రమాదం. పోపుల పెట్టెలో పది రోజులకు సరిపడా మాత్రమే నింపుకుని, మిగిలిన సరుకును వెలుతురు తగలని చోట గాలి చొరబడని డబ్బాల్లో ఉంచితే పసుపు రంగు, ధనియాల వాసన నిలుస్తాయి.

నీళ్లతో మొదలయ్యే పనులన్నీ సింకు వైపు చేరాలి. బియ్యం, పప్పు కడగవలసినవే కాబట్టి బియ్యం డబ్బా, అందులోని కొలత గ్లాసు, కందిపప్పు, కుక్కరు, చింతపండు నానబెట్టే గిన్నె, కత్తి, కూరగాయలు తరిగే పలక సింకుకు దగ్గరగా ఉంటే వంట సగం అక్కడే సిద్ధమవుతుంది. సింకుకూ స్టవ్‌కూ మధ్య గట్టు మీద కనీసం రెండడుగుల మేర ఏ వస్తువూ లేకుండా ఖాళీగా ఉంచుకోవాలి. కూరలు తరగడానికి, దించిన గిన్నె పెట్టడానికి వేరే చోటు ఉండదు కనుక, అలంకారానికి పెట్టిన సీసాలు అక్కడి నుంచి కదలవలసిందే. మిక్సీని మాత్రం ప్లగ్గు దగ్గర గట్టు మీదే స్థిరంగా ఉంచమని నా సలహా. ప్రతిసారీ కింది నుంచి ఎత్తి పెట్టుకోవలసి వస్తే, రోటి పచ్చడికి బదులు చేసుకునే ఆ మిక్సీ పచ్చడి కూడా మానేస్తాం.

రోజూ వాడేవి నడుము నుంచి కళ్ల ఎత్తు వరకు ఉన్న అరల్లో ఉండాలి. గ్రైండరు, పెద్ద కుక్కరు, బియ్యం వంటి బరువైనవి నడుము కిందికి రావాలి. పండగలకు తీసే ఇత్తడి గుండిగలను చాలా ఇళ్లలో అటక మీదకు ఎక్కిస్తారు; స్టూలు మీద నిలబడి తల పైనుంచి బరువు దించడం ఏ వయసు వారికీ క్షేమం కాదు కాబట్టి, అటకకు ఖాళీ డబ్బాలు, బుట్టలు, జల్లెడల వంటి తేలిక వస్తువులే తగినవి. గట్టు ఎత్తు కూడా చూసుకోవాలి. నిలబడి మోచేయి మడిచినప్పుడు గట్టు దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద ఉంటే భుజాలకు, నడుముకు శ్రమ తగ్గుతుంది. గట్టు మరీ కిందికి ఉంటే మందపాటి చెక్క పలక మీద తరుక్కోవచ్చు.

సరుకులను నిల్వచేసే తీరు మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే పురుగు పట్టిన సరుకు డబ్బును, చోటును కూడా వృథా చేస్తుంది. కొత్త కందిపప్పును డబ్బాలో మిగిలిన పాతపప్పు మీద ఎప్పుడూ పోయకూడదు. పాతది వేరే గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి ఆరబెట్టి, అడుగున కొత్తది పోసి, పైన పాతది వేస్తే ముందు కొన్నది ముందు ఖర్చవుతుంది. ఎండబెట్టిన పప్పును, వేయించిన రవ్వను వేడి మీద డబ్బాలో పోస్తే లోపల తడి పట్టి పాడవుతాయి, కాబట్టి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. ఊరగాయలోని ఉప్పు, పులుపు లోహాన్ని తినేస్తాయి కనుక ఆవకాయకు, మాగాయకు, చింతపండుకు పింగాణీ జాడీయో గాజు సీసాయో వాడాలి. పెద్ద జాడీని చల్లని మూల కింద ఉంచి, వారానికి సరిపడా పొడి గరిటెతో చిన్న సీసాలోకి తీసుకుంటే తడి చేయి తగిలి ఊరగాయ బూజు పట్టే అవకాశం తగ్గుతుంది. బంగాళాదుంపలు వెలుతురు తగిలితే పచ్చబడతాయి, ఆ పచ్చబడ్డ భాగం తినడానికి పనికిరాదు. అందుచేత వాటిని గాలి ఆడే చీకటి చోట బుట్టలో ఉంచాలి.

స్టీలు డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి గనుక పేరు, నింపిన తేదీ రాసిన చీటీని మూత మీద కాక డబ్బా ఒంటి మీద అతికించాలి, ఎందుకంటే కడిగినప్పుడు మూతలు మారిపోతాయి. ఆ చీటీ ఇంట్లో వంటగదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ చదవగలిగే భాషలో ఉండాలి. గిన్నెలు తోమి సర్దే మనిషికి వాటి చోట్లు చూపకుండా, తప్పు చోట పెట్టిందని ఆమెను అనడం న్యాయం కాదు. సింకు కింది అరలో తినే వస్తువు ఏదీ ఉంచకూడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఫినాయిలు కూడా అక్కడ ఉండకూడదు.

గ్యాసు విషయంలో సౌకర్యం కన్నా భద్రత ముఖ్యం. 14.2 కిలోల సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. ఈ గ్యాసు గాలి కన్నా బరువైనది కావడంతో లీకైతే నేల వెంట పరుచుకుంటుంది. అందుచేత సిలిండరు ఉన్న అరను పాత సంచులతో, పేపర్లతో నింపి మూసేయకూడదు, దాని కింది భాగంలో గాలి ఆడే సందు ఉండాలి. రబ్బరు ట్యూబు మీద ముద్రించిన గడువు చూసి మార్చుకోవాలి. లీకు అనుమానం కలిగితే స్విచ్చులేవీ ముట్టకుండా రెగ్యులేటరు ఆపేసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరును వంటగది తలుపుకు బయటివైపు అతికించుకోవడం మంచిది.

ఇంతా సర్దాక ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో తేలని వస్తువులు కొన్ని మిగులుతాయి. వాటిని ఒక అట్టపెట్టెలో వేసి తేదీ రాసి పక్క గదిలో పెట్టి, అవసరమైనప్పుడు ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. సంక్రాంతి, ఉగాది, దసరా గడిచినా పెట్టెలోనే ఉండిపోయినవాటిని అవసరమున్న వారికి ఇచ్చేయవచ్చు.