చిన్న మదుపరి పాఠాలు – 4: పాత ధర కోసం ఎదురుచూపు

గత పాఠంలో, ధర పడినప్పుడు మరిన్ని షేర్లు కొని కొనుగోలు సగటును తగ్గించుకునే లెక్క చెప్పాను. కంపెనీ పరిస్థితి మెరుగవుతున్నదని ఆధారం దొరికిన తరువాతే ఆ పని చేయాలన్న షరతు కూడా చెప్పాను. వచ్చిన ఉత్తరాలను బట్టి చూస్తే, చాలామంది లెక్కను పట్టుకుని షరతును వదిలేశారు. వొడాఫోన్ ఐడియాను 2018లో 50 రూపాయల దగ్గర కొన్నవారు, 7 రూపాయల దగ్గర రెట్టింపుకు పైగా షేర్లు కొని, సగటు 20కి దిగిందని సంతోషించి, రెండు నెలలు తిరగకముందే ఇంకెంతకాలం ఓపిక పట్టాలని విసుగ్గా అడుగుతున్నారు. అందువల్ల త్రైమాసిక ఫలితాలు చదివే పద్ధతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

సగం పడిన షేరు తిరిగి రెట్టింపు అయితేనే అసలు దక్కుతుందన్నది మీకు తెలిసిన లెక్కే. నన్ను అన్నిటికన్నా చికాకుపెట్టే మాట వేరే ఉంది: "ఒకప్పుడు 50 ఉన్న షేరే కదా, మళ్ళీ వస్తుంది." ఆ కంపెనీ ఇప్పుడు ఎన్ని షేర్లుగా విడిపోయి ఉన్నదో చూడకుండా ఈ మాట అనడానికి వీలులేదు.

2018 ఆగస్టులో వొడాఫోన్ ఇండియా, ఐడియాల విలీనం జరిగినప్పుడు ఆ కంపెనీకి సుమారు 873 కోట్ల షేర్లు ఉన్నాయి. 2019లో షేరు 12.50 రూపాయల చొప్పున 25,000 కోట్ల రూపాయల రైట్స్ ఇష్యూ, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం, వచ్చింది. ప్రతి 38 షేర్లకు 87 కొత్త షేర్లు కొనే హక్కు ఇచ్చారు. అంటే 3,800 షేర్లున్న చిన్న వాటాదారు తన వాటా నిలుపుకోవాలంటే మరో 1,08,750 రూపాయలు కట్టి 8,700 షేర్లు తీసుకోవాలి. ఆ తరువాత ప్రభుత్వానికి చెల్లించవలసిన బకాయిలలో 2023లో 16,133 కోట్లు, 2025లో 36,950 కోట్లు షేరు 10 రూపాయల చొప్పున వాటాగా మారాయి. మధ్యలో 2024 ఏప్రిల్‌లో 11 రూపాయల ధరకు 18,000 కోట్ల ఎఫ్‌పీవో (ఇప్పటికే లిస్టయిన కంపెనీ ప్రజలకు మళ్ళీ కొత్త షేర్లు అమ్మడం) కూడా వచ్చింది. 2025లో జరిగిన ఆ మార్పిడి తరువాత మొత్తం షేర్లు 10,800 కోట్లు దాటాయి, ప్రభుత్వ వాటా 49 శాతానికి చేరింది.

ఇప్పుడు గుణించి చూడండి. 873 కోట్ల షేర్లకు 50 రూపాయల చొప్పున మార్కెట్ విలువ సుమారు 43,650 కోట్లు. అదే విలువను 10,800 కోట్ల షేర్లకు పంచితే ఒక్కో షేరుకు వచ్చేది దాదాపు నాలుగు రూపాయలు. షేరు 10 రూపాయల దగ్గర ఉంటే మార్కెట్ విలువ నాటికన్నా రెట్టింపు దాటినట్లే, 50కి కొన్న మీరు మాత్రం 80 శాతం నష్టంలో ఉంటారు. 50 తిరిగి రావాలంటే కంపెనీ 5,40,000 కోట్లు విలువ చేయాలి. మీ ఓపిక దీని మీద పెట్టినదైతే అది ఓపిక కాదు, మొండితనం. చార్టు కూడా మోసం చేస్తుంది: రైట్స్ కోసం పాత ధరలను సర్దుబాటు చేసి చూపడం వల్ల మీరు నిజంగా పెట్టిన ధర అందులో కనిపించకపోవచ్చు. అందుకే నేను చార్టు కన్నా ముందు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, అంటే మొత్తం షేర్లెన్ని, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చూపే పట్టిక, తెరుస్తాను.

కొత్త షేర్లు వచ్చిన ప్రతిసారీ పారిపోవాలని దీని అర్థం కాదు. గాలిమరల కంపెనీ సుజ్లాన్ 2022లో 5 రూపాయల ధరకు 1,200 కోట్ల రైట్స్ ఇష్యూ చేసి, ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని అప్పు తీర్చడానికి వాడింది. 2020 మార్చిలో రెండు రూపాయల దగ్గరకు పడిన ఆ షేరు 2024 సెప్టెంబరులో 86ను తాకింది. 2008 జనవరిలో 400కు పైన కొన్నవారికి మాత్రం ఆ 86 కూడా ఊరట కాదు. 2020లో కొన్నవారు, 2008లో కొన్నవారు, రెండు వర్గాలూ ఓపిక పట్టినవే. కొన్న ధర, కొన్న సమయం వేరు. వొడాఫోన్ ఐడియా విషయంలో బకాయి వాటాగా మారినప్పుడు బకాయి భారం తగ్గింది, కానీ టవర్లు వేయడానికి కొత్తగా రూపాయి రాలేదు. ఈ తేడా పట్టుకోవాలి.

అభ్యాసం కొంచెం శ్రమతో కూడినది. మీ దగ్గరున్న షేరు కొన్ననాటి నుండి ప్రతి త్రైమాసికానికీ మొత్తం షేర్లు, ధర, రెండింటి లబ్ధం, మొత్తం అప్పు అనే నాలుగు గడులను ఎక్స్ఛేంజీ వెబ్‌సైటు చూసి చేత్తో నింపండి. యాప్ చూపే మార్కెట్ క్యాప్‌ను (అదే లబ్ధాన్ని, అంటే మార్కెట్ విలువను) కాపీ చేస్తే లెక్క బుర్రకెక్కదు. చివర, ఏ త్రైమాసికానికి అప్పు ఎంతకు తగ్గకపోతే అమ్మేస్తారో ఒక వాక్యంలో రాసి తేదీ వేయండి. ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల మీద వచ్చే నష్టాన్ని దీర్ఘకాలిక లాభంతో మాత్రమే సర్దుకోవచ్చని, గడువులోగా రిటర్ను వేస్తే దానిని ఎనిమిదేళ్ళ వరకు ముందుకు తీసుకుపోవచ్చని ఆ వాక్యం రాసేటప్పుడు లెక్కలోకి తీసుకోండి.