మార్చి టెండర్లకి ముందు, మన పర్లాకిమిడి చిన్న షాపులవాళ్ళకి

జనవరి దాటగానే ఒడిశాలోని మన గజపతి జిల్లా ఆఫీసులకి బడ్జెట్ గుర్తొస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి కాబట్టి బెంచీలు, బీరువాలు, ప్రింటింగ్, చిన్నచిన్న రిపేర్లు వరసగా టెండర్లకి వస్తాయి. కొత్తగా దిగేవాళ్ళకి టెండర్ రాదేమోనని టెన్షన్. నాకైతే కాగితాలూ రేటూ సరిగా లేకుండా వచ్చేస్తుందేమోనని భయం.

ముందు పేరు సంగతి చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి ఆఫీసుల్లో అది వెనక్కి పోతుంది. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పాస్‌బుక్‌లో అసలు లేకుండా ఉన్నవాళ్ళు మన వీధిలోనే నలుగురున్నారు. నా మొదటి బిల్లు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం తేడా వల్ల రెండు నెలలు ఆగింది. పాన్, ఆధార్, పాస్‌బుక్, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) కాగితాలు ఈ వారమే ఒకచోట పరిచి చదవండి. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగేవాడు ఏజెంటే.

సరకు సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి తెచ్చేవాళ్ళు ఇంకోటి చూడాలి. జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్ర. టెండర్ ఏది అడుగుతోందో చదవకుండా అవతలి నంబరు పెట్టకండి. ఊరు పక్కనే కదా అనిపించినా అది అంతర్రాష్ట్ర రవాణాయే. సరకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే కాగితం, ఉండాలి.

ఇక ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు సొమ్ము. 2012 నాటి కేంద్ర విధానం ప్రకారం కేంద్ర శాఖలూ కేంద్ర ప్రభుత్వ సంస్థలూ పిలిచే టెండర్లలో తయారీ, సేవల్లో ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి ఈ సొమ్ము మినహాయింపు ఉంది. అదే ధీమాతో రాష్ట్ర శాఖ టెండర్‌కో మున్సిపాలిటీ టెండర్‌కో వట్టి చేతులతో వెళ్తే బిడ్ పక్కన పడేయొచ్చు. ఆ టెండర్ కాగితంలో ఏముందో అదే లెక్క.

ఆన్‌లైన్‌లో బిడ్ వేయడానికి వాడే డిజిటల్ సంతకం టోకెన్‌ని, దాని పిన్‌ని నెట్ సెంటర్‌వాడి దగ్గర వదిలేసి రావడం మన ఊళ్ళో మామూలైపోయింది. అది మీ సంతకం, ఖాళీ చెక్కు మీద పెట్టి ఇచ్చినట్టే. ఆ డిజిటల్ సంతకం గడువు ఎప్పుడు తీరుతుందో కూడా చూసుకోండి. రేట్లు నింపే ఎక్సెల్ షీట్ ఎలా దించుకున్నారో అలాగే ఎక్కించాలి. అందంగా ఉండాలని వరసలు చేర్చినా, ఫైలు పేరు మార్చినా టెండర్ పోర్టల్ ఒప్పుకోదు. గడువుకి పోర్టల్ గడియారమే ప్రమాణం, మీ ఫోన్‌లో టైము కాదు. చివరి గంటలో సర్వర్ ఎంత నెమ్మదిస్తుందో ఒకసారి అనుభవించినవాడు రెండోసారి ముందు రోజే ఎక్కిస్తాడు.

రేటు దగ్గర పోటీకి పోయి తగ్గించకండి. పర్లాకిమిడిలో ధర వేరు, ఆర్.ఉదయగిరి ఘాటెక్కి హాస్టల్ గదిలో దించేసరికి ధర వేరు. లారీ, హమాలీ, ఒక రోజు ఆగితే వెయిటింగ్ అన్నీ రాసుకోండి. పన్ను కలిపి రేటా, కలపకుండానా అన్నది ముందే తేల్చుకోండి. కాంట్రాక్టు విలువ పన్ను కాకుండా 2.5 లక్షలు దాటితే బిల్లులోంచే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కింద కోస్తారు. అది తర్వాత మీ జీఎస్టీ ఖాతాకే వస్తుంది గానీ, అప్పటిదాకా చేతిలో ఉండదు కదా.

సరకు ఇచ్చాక డబ్బు ఆలస్యమైతే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం మీవైపే ఉంది. తయారీ, సేవల్లో ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే వడ్డీ. ఇవ్వకపోతే ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్ళొచ్చు. ఉద్యమ్ నమోదు మాత్రం సరకు ఇవ్వకముందే ఉండాలి. సరకు అప్పగించిన చలాన్ మీద సంతకం, సీలుతో పాటు తేదీ వేయించుకోండి. తేదీ లేని చలాన్ ఒకటి నా ఫైల్లో ఇంకా ఉంది, బిల్లు మాత్రం ఇంకా రాలేదు.