పర్సెంటేజ్ చూసి కంగారు పడేముందు ఇవి చెక్ చేస్కోండి

"రిస్క్ డబుల్ అయింది" అని ఎక్కడైనా కనబడితే ముందు అడగాల్సింది ఒకటే, ఎంత నుంచి ఎంతకి డబుల్ అయింది అని. 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే రిస్క్ 100 శాతం పెరుగుతుందని వార్తలొచ్చాయి, చాలామంది భయపడి మాత్రలు ఆపేశారు, తర్వాతి ఏడాది అబార్షన్లు వేలల్లో పెరిగాయి. తీరా అసలు లెక్కేంటంటే 7000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని, అంతే! రెండూ నిజమే, అబద్ధం ఎవరూ చెప్పలేదు, కానీ 100 శాతం అంటే గుండె జారిపోద్ది కదా. కాబట్టి శాతం కనిపించగానే దాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూస్కోండి.

సగటు దగ్గర కూడా జాగ్రత్త. తొమ్మిది మందికి జీతం 20 వేల చొప్పున, బాస్‌కి 8 లక్షల 20 వేలు అనుకోండి, సగటు లక్ష వస్తుంది, ఆ లక్ష తీసుకునేవాడు మాత్రం ఆఫీసులో ఒక్కడూ ఉండడు. అందర్నీ జీతం తక్కువ నుంచి ఎక్కువకి వరసగా నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్ళ జీతం ఎంతో అడగండి, దాన్నే మీడియన్ అంటారు.

గ్రాఫ్ అయితే నిలువు గీత ఎక్కడ మొదలైందో చూడండి చాలు. 95 దగ్గర మొదలుపెడితే 96 పక్కన 98 మూడు రెట్లు పొడుగ్గా కనిపిస్తుంది (నేనూ పడ్డా ఈ బుట్టలో).

ఇక రివ్యూలు, రేటింగులు అంటారా, బాగా నచ్చినవాళ్ళూ ఒళ్ళు మండినవాళ్ళూ రాస్తారు, పర్లేదులే అనుకున్నవాళ్ళు ఎందుకు రాస్తారు చెప్పండి.