చదివించడం నేర్చుకుందాం – 7వ పాఠం: పిల్లిలో గుడి ఎవరిది?

ఈ వారం ఒత్తులు మొదలుపెట్టాలి. పెడతాను కూడా, కానీ ముందు 6వ పాఠం తెచ్చిన గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే సగం మంది అక్కడే ఆగిపోయి టెన్షన్ పడుతున్నారు.

పోయినసారి నాలుగు వాక్యాల కథ ఒకటి ఇచ్చి, వారం పాటు రోజూ అదే కథ, వేలు పదం కింద జరుపుతూ పిల్లలకు చదివి వినిపించమన్నాను. కథ మళ్లీ రాస్తున్నాను: “అవ్వ గిన్నెలో పాలు పోసింది. పిల్లి వచ్చింది. అవ్వ చూసింది. పిల్లి పరుగో పరుగు.” అంతే కథ. మూడో రోజు నుంచి మెసేజీలు మొదలయ్యాయి. “టీచర్, మావాడు పేజీ చూడకుండా గడగడా అప్పజెప్పేస్తున్నాడు, ఇది చదవడం ఎలా అవుతుంది?” అని చాలామంది అడిగారు. ఒకావిడైతే పుస్తకం లాగేసుకుని దాచేశారట.

పుస్తకం తిరిగి ఇచ్చేయండి. అప్పజెప్పడం తప్పు కాదు, మనకు కావలసిందే అది. కథ నోటికి వచ్చిన పిల్లవాడికి తర్వాత ఏ మాట రాబోతోందో ముందే తెలుసు, ఇక ఆ మాట పేజీ మీద ఎక్కడ ఉందో చూపిస్తే చాలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుంటూరు పక్క ఊళ్లో, రెండో తరగతి కుర్రాడొకడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాఠం మొత్తం చెప్పేస్తుంటే క్లాసంతా నవ్వేలా వేళాకోళం చేశాను. గొప్ప పని చేశాననుకున్నాను. వాడు ఆ నెలంతా పుస్తకం ముట్టలేదు. పాఠం పాఠమంతా నోటికి పట్టినవాడికి పుస్తకం తిన్నగా తిప్పి ఇచ్చి వేలు పట్టుకుంటే సరిపోయేది కదా, ఆ మాత్రం నాకప్పుడు తట్టలేదు.

ఇంకో తప్పు మాత్రం నాదే. “పదం కింద వేలు” అని రాసి వదిలేశాను, చాలామంది అక్షరం కింద అనుకున్నారు. అందుకే పిల్ల “గిన్నెలో” అంటూ మూడుసార్లు వేలు జరిపి “పోసింది” దాకా వెళ్లిపోతోంది, ఆ తర్వాత మాటలు ఇంకా ఉన్నా వేలు పెట్టడానికి చోటుండదు. పదం మొదట్లో వేలు పెట్టి, మాట మొత్తం పలికి, అప్పుడు జరపాలి. మాటలూ వేలూ ఒకేసారి అయిపోతే ఆ వాక్యం వచ్చినట్టు. కుదరకపోతే పాత క్యాలెండర్ వెనకవైపు వాక్యం పెద్దగా రాసి, పదాలుగా కత్తిరించి, కలిపేసి, మళ్లీ పేర్చమనండి. నేను రంగు రంగుల చార్టులు కొనను. పిల్లల చూపంతా బొమ్మ మీదే ఉంటుంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు కాబట్టి ఈసారి పొడుగ్గానే చెప్తాను.

“పాలు” చూపించి చదవమంటే పిల్ల ఏమంటోంది? “పకు దీర్ఘమిస్తే పా, లకు కొమ్మిస్తే లు, పాలు.” చిన్న మాట కాబట్టి గట్టెక్కింది. “చిలకలూరిపేట” పెట్టి చూడండి. “చకు గుడిస్తే చి, ల, క, లకు కొమ్ము దీర్ఘమిస్తే లూ, రకు గుడిస్తే రి, పకు ఏత్వమిస్తే పే, ట.” ఇదంతా అయ్యేసరికి మొదట ఏమన్నదో దానికి గుర్తుండదు, బస్సు కూడా వెళ్లిపోతుంది. బుర్ర ఒక్కసారికి పట్టి ఉంచగలిగేవి గుప్పెడే, పెద్దవాళ్లకైనా అంతే. ఆ గుప్పెట్లో గుడి, కొమ్ము, దీర్ఘం, ఏత్వం కూరేస్తే ఊరిపేరుకి చోటెక్కడిది? చివర్న “పేట” అనో “ట” అనో అని మన మొహంలోకి చూస్తుంది.

అలాగని గుణింతం వద్దనడం లేదు. గుణింతం రాయడానికి. పలక మీద “లు” రాసేటప్పుడు “లకు కొమ్మిస్తే లు” అనుకుంటే చెయ్యి తప్పదు. చదివేటప్పుడు “లు” అంటే లు, ఒక్క చూపు, ఒక్క శబ్దం. వంట నేర్చుకునేటప్పుడు ఉప్పు ఎంత, చింతపండు ఎంత అని లెక్క చెప్పుకుంటాం, పప్పుచారు తినేటప్పుడు చెప్పుకుంటామా? చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌ది పూర్తి పేరు చూడండి, అందులోనే అర్థం చేసుకుంటూ చదవడం అని ఉంది. “కొమ్మిస్తే, గుడిస్తే” అంటూ నడిచే చదువులో అర్థానికి సందే ఉండదు. కథ మీద ఇష్టం కూడా అక్కడే చస్తుంది, పిల్లి పారిపోయిందో లేదో తెలియాలంటే ఇంత తద్దినం పెట్టాలా అనుకుంటారు.

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు: “మా మామయ్యగారు రోజూ సాయంత్రం పాపని కూర్చోబెట్టి గుణింతం వల్లె వేయిస్తారు, వద్దని ఎలా చెప్పను?” చెప్పకండమ్మా. ఆయన్ని పాపకి రోజూ పేపర్లో హెడ్డింగులు చదివి వినిపించమనండి, “మీరు చదివితే శ్రద్ధగా వింటోంది మామయ్యగారూ” అనండి. నిజం కూడా అదే అవుతుంది. రాత పని పెట్టుకున్నప్పుడు గుణింతం కూడా ఆయనకే వదిలేయండి.

మాన్పించే ఉపాయం నాది ఒకటుంది. పిల్ల “పకు దీర్ఘ...” అని ఎత్తుకోగానే కసరకుండా, “పా” అని మనమే అందించేసి ముందుకి పోవాలి. నాలుగైదు రోజుల్లో ఆ ముక్క పడిపోతుంది. ఐత్వం, ఔత్వం, వట్రసుడి నేను ఈ దశలో అసలు పట్టించుకోను. మాటల్లో తగిలినప్పుడు చూసుకోవచ్చు.

సరే, ఒత్తులు. బడిలో ఇవి అన్నిటికంటే చివర వస్తాయి. కానీ పిల్లలకు నోరు తిరగ్గానే వచ్చే మాటలు ఏవి? అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, బువ్వ. అన్నిట్లో ఒత్తే. మన నాలుగు వాక్యాల కథలోనూ అవ్వ, గిన్నె, పిల్లి, వచ్చింది ఉన్నాయి, ఎవరూ భయపడలేదు కదా. అక్కడి నుంచే మొదలుపెడతాం.

ముందు చెవి, తర్వాత కన్ను. “అటు” అనండి, “అట్టు” అనండి. అటు పెట్టు అంటే వేరు, అట్టు పెట్టు అంటే వేరు, ఆకలి మీదున్న పిల్లవాడికి తేడా చెప్పక్కర్లేదు. పుట, పుట్ట. గడి, గడ్డి. గుడి, గుడ్డి. ఒత్తు దగ్గర నాలుక ఒక క్షణం ఆగుతుంది, అక్కడ చప్పట్లు కొట్టించండి. ఆ తర్వాతే కాగితం.

కాగితం మీద చిక్కు ఇది. “పిల్లి” చూడండి. గుడి పైనున్న ల మీద కూర్చుంది, ఒత్తు కింద ఉంది. కంటికి కనపడిన వరసలో చదివితే “పిలి” అని, తర్వాత ఇంకో “ల” వస్తుంది. కొందరు పిల్లలు సరిగ్గా అలాగే “పిలిల” అంటారు, మనం మొద్దు అంటాం. వాళ్లు ఉన్నది ఉన్నట్టే చదివారు. నిజానికి పైనున్న ల సగమే పలుకుతుంది, గుడి దక్కేది కింద ఉన్నదానికి: పిల్, లి. “గిన్నె”లో ఎత్వమూ అంతే, “చెట్టు”లో కొమ్మూ అంతే. నేను పిల్లలకి “పైవాడు గొడుగు మోస్తున్నాడు, గొడుగు మాత్రం కిందవాడిది” అని చెప్తాను. వ్యాకరణం తెలిసినవాళ్లు నన్ను క్షమించాలి, పిల్లలకి మాత్రం ఇది అర్థమవుతుంది.

ఇక ఆకారాలు. చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి, వాటిని నేర్పక్కర్లేదు, చూపిస్తే చాలు. త, న, మ, య, ర, ల, ఈ ఆరూ మాత్రం వేషం మార్చుకుంటాయి. అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల అని మాటలతోనే ఇవ్వండి, విడిగా ఒత్తుల పట్టిక వేలాడదీయకండి.

అభ్యాసం. కొంచెం కష్టమే, ముందే చెప్తున్నాను.

ఒక ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకుని బస్టాండుకి వెళ్లండి, గుంటూరు వాళ్లు ఎన్టీఆర్ బస్టాండుకి, విజయవాడ వాళ్లు పండిట్ నెహ్రూ బస్టాండుకి. గంటసేపు ఎక్కడికీ ఎక్కకుండా బోర్డులే చదవడం. మొదటి అరగంట ఒత్తు లేనివి: తెనాలి, మంగళగిరి, అమరావతి, విజయవాడ. తర్వాత ఒత్తులున్నవి: పొన్నూరు, బాపట్ల, సత్తెనపల్లి. బస్సు ఆగి ఉన్నప్పుడు చదివితే ఒక మార్కు, కదులుతుండగా చదివితే రెండు. కదిలే బస్సు ముందు “తకు ఎత్వమిస్తే” అనుకుంటూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు, నేను బస్టాండు ఎంచుకున్నది అందుకే. పెద్దవాళ్లు నోరు కట్టేసుకోవాలి. పిల్ల తడబడితే మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే ఊరిపేరు మొత్తం చెప్పేయండి, ముక్కలుగా అందించకండి.

ఇంటికొచ్చాక పిల్ల చదివిన ఊళ్లలోంచి ఏవైనా మూడు తనే ఎంచుకోవాలి, మన పిల్లి ఆ మూడు ఊళ్లూ తిరిగినట్టు కథ తను చెప్తుంటే మీరు రాయాలి. తను చెప్పిన మాటలే రాయండి, దిద్దకండి. మర్నాటి నుంచి వారం పాటు చదివి వినిపించేది ఆ కథే, వేలు పదం కింద. పదం కింద అన్నాను, చూసుకోండి.

బస్టాండుకి వెళ్లి అందరిలోనూ తిరగలేం అనేవాళ్లకు: స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, మొదటి స్థాయివి తీసుకుని ఒత్తున్న మాటలు పిల్లలతోనే వెతికించండి. ఫోన్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

“చంద్రుడు”లో ర ఒత్తు ఎడమవైపు నుంచి చుట్టుకొచ్చి కొందరు పిల్లల్ని “చర్దుడు” అనిపిస్తుంది. దాని సంగతి 8వ పాఠంలో. ఈలోగా ఆ మాట తగిలితే మీరే చదివేసి పేజీ తిప్పేయండి.