మిట్టమధ్యాహ్నం నీడ మాయమయ్యే రోజు: డాబా మీద పిల్లలతో ఎలా చూడాలి?

మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరం అనేస్తాం. మన ఊళ్లలో అది సరిగ్గా జరిగేది ఏడాదికి రెండు రోజులే. ఆ రోజు నిటారుగా నిలబెట్టిన వస్తువుకు కాసేపు నీడే కనబడదు. రెండో రోజు జులై చివర్లోనో ఆగస్టులోనో వస్తుంది, అప్పుడు మబ్బులు పట్టి ఉంటాయి. కాబట్టి వేసవి సెలవుల్లో వచ్చే మొదటి రోజునే పట్టుకోండి.

తేదీ, సమయం ఊరినిబట్టి మారతాయి. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతంలో 12.10కి, విజయవాడలో మే 6న 12.04కి, హైదరాబాద్‌లో మే 9న 12.12కి, విశాఖపట్నంలో మే 10న 11.53కి, వరంగల్‌లో మే 11–12 తేదీల్లో 12.08కి. ఏడాదినిబట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. మబ్బు పట్టినా దిగులు పడకండి, మర్నాడు చూసినా 30 సెంటీమీటర్ల వస్తువుకు పడే నీడ రెండున్నర మిల్లీమీటర్లు దాటదు.

కావలసినవి: రెండంగుళాల పీవీసీ పైపు ముక్క 30 సెంటీమీటర్లు, ఒక స్టూలు, తెల్ల చార్టు, పెన్సిల్, స్కేలు, దారం, ఇనుప నట్టు. స్టీలు గ్లాసు వద్దు. దాని అంచు వెడల్పు, అడుగు సన్నం, అందువల్ల అంచు కింద నీడ ఎప్పుడూ ఉంటుంది. బోర్లిస్తే అసలు సమయానికి ముందే నీడ పోయినట్టు కనిపిస్తుంది. పైపు కోత వంకరగా ఉంటే అది ఒరిగి నిలబడుతుంది. కోసే ముందు పైపు చుట్టూ కాగితం చుట్టి, కాగితం అంచులు ఒకదానిమీద ఒకటి కలిసేలా సర్ది, ఆ అంచు వెంట గీత గీసుకోండి.

1. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వాన నీళ్లు పోవడానికి డాబాకు వాటం ఇచ్చి ఉంటారు కాబట్టి నేల మీద నేరుగా పెట్టకూడదు. స్టూలు వేసి, కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి సరిచేయండి. మేస్త్రీ దగ్గర రసమట్టం దొరికితే మంచిది, లేదంటే పళ్లెం నిండా నీళ్లు పోసి అన్ని వైపులా అంచుకు సమానంగా ఉన్నాయేమో చూడండి.

2. స్టూలు మీద చార్టు అతికించి, పైపు నిలబెట్టి, దాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీయండి. నట్టు కట్టిన దారాన్ని రెండు వైపుల నుంచి పైపు పక్కన వేలాడదీసి చూడండి. పైపు అంచు, దారం సమాంతరంగా ఉండాలి.

3. మీ ఊరి సమయానికి 20 నిమిషాల ముందు మొదలుపెట్టి, నాలుగేసి నిమిషాలకు నీడ చివర పిల్లల చేత చుక్క పెట్టించండి. మొదట్లో నీడ పడమరకు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, నాలుగు నిమిషాలకు అర సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది. సూర్యుడు చుక్కలా కాక బిళ్లలా కనిపిస్తాడు కాబట్టి నీడ అంచు మసకగా ఉంటుంది, ఆ మసక మధ్యలో చుక్క పెడితే చాలు.

4. సమయం రాగానే నీడ పైపు అడుగులోకి చేరుతుంది. పైపులోంచి ఎండ నేరుగా దిగి లోపల గుండ్రంగా నిండుతుంది. పైపు మీదికి వంగి చూస్తే మీ తల నీడే పడుతుంది. పైపు ఎత్తకుండా పక్కనుంచి ఫోటో తీయండి.

5. తర్వాత నీడ తూర్పుకు సాగుతుంది, మరో 20 నిమిషాలు చుక్కలు పెట్టించండి. అన్నీ కలిపి గీత గీస్తే అదే తూర్పు పడమర. ఇంటి గోడ నిజంగా తూర్పుకే ఉందో లేదో పిల్లలే తేల్చేస్తారు.

సూర్యుడి వైపు ఎవరూ తలెత్తి చూడకూడదు, కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నా సరే. ఆ వేళ డాబా నేల కాలిపోతుంది, చెప్పులు తప్పనిసరి. చుక్క పెట్టడానికి మాత్రం బయటికి వచ్చి, మిగతా సేపు మెట్లగది నీడలో కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి.

చుట్టాలు వేరే ఊళ్లో ఉంటే భూమి చుట్టుకొలతే లెక్కగట్టవచ్చు. హైదరాబాద్‌లో నీడ పోయిన రోజున తిరుపతిలో ఉన్న మామయ్యను మీటరు కర్ర నిటారుగా నిలబెట్టి, 12.09కి నీడ కొలవమనండి. దక్షిణానికి 6.6 సెంటీమీటర్లు రావాలి. దాన్ని కర్ర ఎత్తు 100తో భాగించి, డిగ్రీల్లోకి మార్చడానికి 57.3తో గుణిస్తే దాదాపు 3.8 డిగ్రీలు. భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య కోణం ఇదే. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం 415 కిలోమీటర్లు (రోడ్డు దూరం కాదు). పూర్తి చుట్టు 360 డిగ్రీలు కాబట్టి 415ను 360తో గుణించి 3.8తో భాగిస్తే 39 వేల కిలోమీటర్లు దాటుతుంది. అసలు విలువ దాదాపు 40 వేలు. ఇక్కడ పొట్టి కర్ర పనికిరాదు. 30 సెంటీమీటర్ల పైపుతో కొలిస్తే ఒక్క మిల్లీమీటరు పొరపాటుకే జవాబు రెండు వేల కిలోమీటర్లు తప్పుతుంది.