శివరాత్రికి విత్తి ఉగాదికి కోయాలంటే: ఇరవై సెంట్లలో రసాయనాల్లేని వేసవి కూరగాయలు

గుంటూరు, విజయవాడ వైపు వసంతం చాలా కొద్ది రోజులే. మాఘమాసం చలి పూర్తిగా పోకముందే ఎండ మొదలవుతుంది. మామిడి పిందె పట్టేసరికి నల్లరేగడి నెర్రెలు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఈ నెలా నెలన్నరలో కూరగాయల రైతు పడే తాపత్రయమంతా ఎండ ముదిరేలోపు నేలను కప్పేయడానికే. ఆకు కమ్మినా సరే, గడ్డి పరిచినా సరే. పురుగుమందు మానేస్తే దాని బదులు ఏ కషాయం కొట్టాలని అందరూ ముందుగా అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్న ఆఖర్న రావాలి. అదను దాటకుండా విత్తి, నేల కప్పి, నీళ్లు కొలిచి పెట్టిన పొలం చెక్కలో కషాయం పని సగానికి సగం తగ్గిపోతుంది.

కౌలుకో సొంతానికో ఇరవై సెంట్లు, అంటే ఎకరంలో అయిదో వంతు, చేతిలో ఉందనుకుని లెక్కలు చెబుతున్నాను. ఇంటికి వాడుకుని నలుగురికి అమ్ముకోవడానికి ఆ మాత్రం చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అంతకు మించి దిగకపోవడమే మంచిది.

1. తేదీ ఖాయం చేసుకోండి

శివరాత్రికి విత్తితే ఉగాదికి తోటకూర కోతకొస్తుంది. మధ్యలో ఉన్న నెల రోజులూ దానికి సరిగ్గా సరిపోతాయి. శ్రీరామనవమి దాటాక బెండ తొలికోత. ఆ తర్వాత రెండు మూడు వారాలకు బీర, కాకర. పండగలతో లెక్క పెట్టుకుంటే గుర్తుండిపోతుంది. కాకపోతే కొన్నేళ్లు శివరాత్రి మార్చిలో పడుతుంది. అప్పుడు పండగ కోసం ఆగకండి. ఫిబ్రవరి మూడో వారానికి, అంటే శతభిష కార్తె వచ్చేసరికి, విత్తనం నేలలో ఉండాలి. తీగజాతికి ఇది మరీ ముఖ్యం. ఎండ పెరిగి పగటి పొద్దు సాగేకొద్దీ బీరలోనూ సొరలోనూ మగపూలు ఎక్కువై పిందెలు తగ్గుతాయి. ఆలస్యంగా పెట్టిన పాదు పచ్చగానే ఉంటుంది గానీ కాయ దిగదు.

ఏం వేయాలి? బెండ అయిదు సెంట్లు. బీర, కాకర, సొర కలిపి పందిరి కింద ఆరు సెంట్లు. గోరుచిక్కుడు మూడు, దోస మూడు. మిగతాది తోటకూర, గోంగూర, బచ్చలి మడులకు. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ జోలికి ఈ సీజన్లో వెళ్లకండి. మన ఎండలో వాటిని రసాయనాలు లేకుండా నిలబెట్టడం కొత్తవాళ్ల వల్ల కాదు.

2. విత్తనం కంటే ముందు కంచె పంట

గుంటూరు జిల్లాలో ఈ పని వదిలేయడానికి వీల్లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో చుట్టూ ఉన్న మిర్చి తోటలు ఆఖరి కోతల్లో ఉంటాయి. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చిని ఎలా ఊడ్చేసిందో రైతులెవరూ మరచిపోలేదు. మిర్చి చెట్టు ఎండుముఖం పట్టగానే తామర పురుగు, తెల్లదోమ పచ్చగా ఉన్న పక్క చెక్కను వెతుక్కుంటాయి. ఆ పచ్చచెక్క మీదే అవుతుంది. పక్క పొలంలో కొట్టే మందు గాలికి మీ మీద పడటం ఇంకో బాధ.

అందుకే విత్తడానికి రెండు మూడు వారాల ముందే, జనవరి ఆఖర్లో, నాలుగు గట్ల వెంబడి జొన్న గానీ మొక్కజొన్న గానీ మూడు వరసలు దగ్గర దగ్గరగా వేయండి. బెండ మొలకెత్తే వేళకు అది మోకాలెత్తు దాటి ఉండాలి. అక్కడక్కడా బంతి నాటితే మంచిది. గట్టు మూలల్లో నాలుగు ఆముదం మొక్కలు ఉంచితే లద్దెపురుగు తల్లి రెక్కలపురుగు గుడ్లు పెట్టడానికి మొదట వాటి మీదికే వెళ్తుంది. ఆకు అడుగున గుడ్ల గుంపు కనబడగానే ఆ ఆకు తుంచి నలిపేయండి.

3. నేల

బాగా చివికిన పశువుల ఎరువు ఎకరాకు ఎనిమిది నుంచి పది టన్నులు, అంటే మన చెక్కకు దాదాపు రెండు టన్నులు కావాలి. చివికిందో లేదో తెలుసుకోవడం తేలికే. గుప్పెట్లోకి తీసుకుని నలపండి. పొడిపొడిగా రాలి, తడిమట్టి వాసన వస్తే వాడండి. పేడ కంపు కొట్టినా, వేడిగా తగిలినా ఇంకో నెల మగ్గనివ్వండి. పచ్చి ఎరువు వేస్తే చెద, వేరుపురుగు దాంతోపాటే పొలంలోకి వస్తాయి.

ఎరువు దొరకని ఊళ్లలో ఇంకో దారి ఉంది. వరి, మినుము కోతలయ్యాక గొర్రెల మందలు డెల్టాలోకి దిగుతాయి. కాపరితో మాట్లాడుకుని రెండు మూడు రాత్రులు మీ చెక్కలో మంద కట్టించుకోండి. గొర్రె పెంట, మూత్రం రెండూ అక్కడికక్కడే నేలలో పడతాయి. మర్నాడే పైపైన దున్ని కలిపేయాలి, లేకపోతే సారమంతా ఎండకు పోతుంది.

ఆఖరి దుక్కిలో ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) ఎనభై కిలోలు, వేపపిండి నలభై కిలోలు చల్లండి.

4. విత్తనం, విత్తనశుద్ధి

మళ్లీ విత్తనం కట్టుకోవాలంటే హైబ్రిడ్ కాకుండా సూటి రకాలే కొనండి. బెండలో అర్క అనామిక, గోరుచిక్కుడులో పూసా నవబహార్, బీరలో జగిత్యాల లాంగ్ లాంటివి చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వేసవిలో బెండ మొక్క అంతగా గుబురు కట్టదు కాబట్టి దగ్గరగా వేయాలి. సాలుకీ సాలుకీ అడుగున్నర, మొక్కకూ మొక్కకూ ముప్పావు అడుగు. అయిదు సెంట్లకు నాలుగు వందల గ్రాముల గింజ పడుతుంది.

బెండ, కాకర గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. కాకర పైపెంకు గట్టిది, నానకపోతే పదిహేను రోజులైనా మొలకెత్తకుండా విసిగిస్తుంది. తెల్లారి పైకి తేలిన బెండ గింజలు తీసి పారేయండి. మునిగినవాటికి బీజామృతం పట్టించాలి: ఇరవై లీటర్ల నీళ్లు, అయిదు కిలోల ఆవుపేడ, అయిదు లీటర్ల మూత్రం, యాభై గ్రాముల సున్నం, గట్టుమట్టి గుప్పెడు. అంత అక్కర్లేదు, ఇందులో నాలుగో వంతు కలుపుకుంటే మీకు సరిపోతుంది. గింజకు పట్టించి నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయండి.

5. పాదులు, పందిరి, మడులు

తీగజాతికి అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తవ్వి, పైమట్టిలో అయిదు కిలోల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపండి. వరసల మధ్య ఆరడుగులు, పాదుల మధ్య మూడడుగులు. పాదుకు నాలుగు గింజలు అంగుళం లోతున పెట్టి, మొలిచాక రెండు మంచి మొక్కలు ఉంచుకోండి.

పందిరి మొక్క ఎదిగాక వేద్దాంలే అనుకోవద్దు, విత్తిన వారంలోనే గుంజలు పాతేయండి. ఏప్రిల్, మేలలో సాయంత్రం పూట ఈదురుగాలితో వాన వస్తుంది. వదులుగా కట్టిన పందిరి ఒక్క గాలికే కాయలతో సహా కూలుతుంది. మూలగుంజలు రెండడుగుల లోతున దిగాలి, బయటివైపు తీగతో లాగి కట్టాలి.

ఆకుకూర మడులు పందిరికి తూర్పు పక్కన చేసుకుంటే మధ్యాహ్నం దాటాక నీడ వాటి మీద పడుతుంది. తోటకూర గింజ ఇసుకలో కలిపి చల్లండి, లేకపోతే ఒకేచోట గుత్తులుగా మొలుస్తుంది.

6. కప్పడం, తడపడం

నా లెక్కలో అసలు పని ఇదే. మొక్క నాలుగైదు ఆకులు వేయగానే సాళ్ల మధ్య నాలుగంగుళాల మందాన ఆచ్ఛాదన పరవాలి. మనవైపు దీనికి కొదవ లేదు. వరిగడ్డి, మినుము నూర్చగా మిగిలిన పొట్టు, తాడేపల్లి, కొల్లిపర వైపు అరటి తోటల్లో కొట్టేసే ఆకులు, ఈ రోజుల్లోనే వేపచెట్టు దులిపే ఎండాకు, ఏదైనా పనికొస్తుంది. కలుపుమందు కొట్టిన పొలం గడ్డి మాత్రం ఊరికే ఇచ్చినా తేవద్దు. మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. కాండానికి తడిగడ్డి ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది.

కప్పిన చోటా కప్పని చోటా మధ్యాహ్నం రెండు గంటలకు అరచెయ్యి ఆనించి చూడండి. కప్పని నేల మీద చెయ్యి నిలవదు. గడ్డి ఎత్తి చూస్తే మాత్రం లోపలి మట్టి చల్లగా, ముద్దకట్టేంత తడిగా ఉంటుంది. వానపాము ఉండేది ఆ చల్లదనంలోనే. వేరు పైపైన తిరిగి మేత తీసుకునేదీ అక్కడే.

వేసవిలో కృష్ణా డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. కాబట్టి బోరో బావో లేని చెక్కను ఈ సీజన్‌కి కౌలుకు తీసుకోకండి. బోదెల్లో, అంటే సాళ్ల మధ్య కాలువల్లో, పారించేవాళ్లు నాలుగైదు రోజులకొకసారి, బోదె విడిచి బోదెలో పెడితే నీళ్లు కలిసొస్తాయి. డ్రిప్ ఉంటే రోజూ తెల్లవారుజామున కాసేపు చాలు. మిట్టమధ్యాహ్నం సొర ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు పెట్టకండి. సాయంత్రానికి అవే లేస్తాయి. పొద్దున్నే కూడా వాలి ఉన్నాయంటే అప్పుడు నీరు తక్కువైనట్టు.

7. జీవామృతం

నేలలో సూక్ష్మజీవుల్ని పెంచే ద్రావణం ఇది. మన చెక్కకు ఒక విడతకి నలభై లీటర్ల నీళ్లలో రెండు కిలోల ఆవుపేడ, రెండు లీటర్ల మూత్రం, నాలుగు వందల గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, రసాయనం తగలని గట్టుమట్టి గుప్పెడు. నీడలో గోనెపట్టా కప్పి ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పండి. రెండు రోజులకు పైన నురగ కట్టి, పేడ వాసన పోయి పులిసిన పిండి వాసన వస్తుంది. అప్పట్నుంచి వారంలోపు వాడేయాలి. పదిహేను రోజులకొకసారి తడితోపాటు నేలకు వదలండి. పొడినేలకు పోస్తే ఫలితం ఉండదు. కోతకొచ్చిన ఆకుకూరల మీద మాత్రం చల్లొద్దు. పచ్చి పేడతో చేసిన ద్రావణం తినే ఆకుకు తగలకూడదు.

గుంటూరు కేంద్రంగా పనిచేసే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ పద్ధతుల్ని రాష్ట్రంలో ఊళ్లకు చేరవేస్తోంది. మీ ఊళ్లో ప్రకృతి వ్యవసాయ సిబ్బంది ఉంటే ఒక విడత వాళ్ల ఎదుట కలపండి. చదివి నేర్చుకున్నదాని కంటే ఒకసారి చూసి నేర్చుకున్నది బాగా పట్టుబడుతుంది.

8. పురుగు, తెగులు

రోజూ పొద్దున పావుగంట ఆకుల అడుగు చూస్తూ నడవండి. పసుపు జిగురు అట్టలకు తెల్లదోమ, నీలం అట్టలకు తామర పురుగు అంటుకుంటాయి. వాటిని మొక్క తలకు కాస్త పైగా కట్టాలి. బెండలో ఈనెలు పసుపెక్కి ఆకంతా పాలిపోయిన మొక్క కనబడితే అది తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులు. దానికి మందు లేదు. జాలిపడకుండా పీకి పూడ్చేయండి. ఒక మొక్కను ఉంచితే సాలు మొత్తానికి అంటుతుంది.

దోమ, చిన్న పురుగులకు వేపగింజల కషాయం. రెండు కిలోల గింజ దంచి పల్చటి బట్టలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానేయండి. పొద్దున పాలరంగు నీళ్లు వచ్చేదాకా పిండి, నలభై లీటర్లకు పెంచి, కాస్త కుంకుడు రసం కలిపి, సాయంత్రం ఎండ వాలాక కొట్టండి. పగలు కొడితే ఎండకు దాని చేవ చచ్చిపోతుంది, పూల మీద వాలే తేనెటీగకూ ఇబ్బందే. తీగల ఆకు మీద బూడిద తెగులు కనిపిస్తే పుల్లమజ్జిగ లీటరుంపావు ఇరవై లీటర్ల నీళ్లలో కలిపి కొట్టండి.

బీర, కాకరలకు పెద్ద శత్రువు పండుఈగ. పిందెకు సూదిగుచ్చినట్టు చిన్న చుక్క, అందులోంచి జిగురు కనబడితే లోపల పురుగు ఉన్నట్టే. అలాంటి కాయల్ని గట్టు మీద విసిరేస్తే పదింతలై తిరిగొస్తాయి. ఏరి రెండడుగుల గోతిలో పూడ్చండి. మగ ఈగల్ని వాసనతో లాగే క్యూలూర్ ఎర బుట్టలు పందిరికి రెండు మూడు వేలాడదీయండి. పొగాకు, పచ్చిమిర్చి పడే అగ్నిఅస్త్రం లాంటి ఘాటు కషాయాలు మాత్రం రోజు విడిచి రోజు కోసే పంటకు వద్దనే చెబుతాను.

9. సాయంత్రం పూసే బీర

కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటాయి, తేనెటీగలు వాటి సంగతి చూసుకుంటాయి. బీర, సొర పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. అప్పటికి తేనెటీగలు గూటికి చేరిపోతాయి. పిందె పసుపెక్కి రాలిపోతోందంటే చాలాసార్లు తెగులు కారణం కాదు, పుప్పొడి అందకపోవడమే. చీకటిపడే వేళకు మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు మూడు నాలుగు ఆడపూలకు సరిపోతుంది. పిల్లలకు నేర్పితే వాళ్లే సరదాగా చేస్తారు.

10. కోత, అమ్మకం

బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే. కొన చిటుక్కున విరిగితే లేతది, వంగితే ముదిరినట్టు. బెండ నూగు దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఏడు గంటల్లోపు కోత ముగించి, తడిగోనె కప్పి నీడలో పెట్టండి. గుంటూరు చుట్టుగుంట, విజయవాడ పటమట లాంటి రైతుబజార్లలో అమ్మాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి, ముందే దరఖాస్తు చేసుకోండి. కనీసం అయిదుగురు రైతులు గుంపుగా ఏర్పడితే పీజీఎస్ ధ్రువీకరణకు, అంటే రైతులే ఒకరి పొలాన్నొకరు పరిశీలించి ఇచ్చుకునే సేంద్రియ హామీకి, వెళ్లొచ్చు. మొదటి ఏడాదే పూర్తి సేంద్రియ ముద్ర రాదు, మార్పిడి కాలం ఉంటుంది. ఈలోపు కొనేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి, వీలైతే చెక్కకు తీసుకొచ్చి చూపించండి.

11. విత్తనానికి ఉంచడం

బెండలో పల్లాకు తగలని, ముందుగా కాసిన నాలుగు మొక్కల్ని ఎంచి రంగుదారం కట్టి, వాటి కాయలు చెట్టు మీదే ఎండనివ్వండి. బీరకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పక్క పొలంలో వేరే రకం ఉంటే కలిసిపోతుంది. విచ్చుకోబోయే ఆడమొగ్గకు, మగమొగ్గకు మధ్యాహ్నమే కాగితపు సంచి తొడిగి, చీకటివేళ చేత్తో అద్ది, మళ్లీ సంచి తొడిగేయండి. ఆ కాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజల చప్పుడు వచ్చేదాకా కోయకండి. నీడలో ఆరబెట్టి, కట్టెబూడిద కలిపి, సీసాలో మూతపెట్టి, పైన రకం పేరు, నెల రాసి పెట్టుకోండి. జూన్‌లో తొలకరికి అదే విత్తనం వాడుకోవచ్చు.